పిల్లల చేతిలో దెయ్యాల పుస్తకం: లాక్కోవాలా, పక్కన కూర్చోవాలా?



పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి స్కూల్ బ్యాగులో టెక్స్ట్ బుక్స్, వర్క్ షీట్లు, ఫౌండేషన్ మెటీరియల్ మధ్య ఒక్కోసారి నల్ల అట్ట పుస్తకం ఒకటి కనబడుతుంది. అట్ట మీద పుర్రె, ఎర్రటి కళ్ళు, పాడుబడ్డ బంగళా. దాన్ని చూడగానే చాలా ఇళ్ళలో మొదట వచ్చే మాట: "ఇలాంటి చెత్త ఎందుకు చదువుతున్నావు?"

పేరెంట్ టీచర్ మీటింగుల్లోనూ ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. "మా వాడు దెయ్యాల కథలు తప్ప వేరేవి ముట్టుకోవడం లేదండీ", "మా అమ్మాయి డ్రాయింగ్ బుక్ నిండా రాక్షసులే", "రాత్రిపూట చదువుతుంది, తర్వాత లైటు తీయనివ్వదు". మీ ఆందోళనలో న్యాయం ఉంది. కానీ తొందరపడి పుస్తకం లాక్కుంటే రెండు నష్టాలు జరగవచ్చు. ఒకటి, మార్కుల కోసం కాకుండా ఇష్టంతో చదివే అలవాటు అక్కడితో ఆగిపోవచ్చు. హైస్కూల్లోకి వచ్చాక చాలామంది పిల్లలకు సొంతంగా చదవడానికి మిగిలే ఆసక్తి ఇదొక్కటే. రెండోది ఇంకా పెద్దది. భయం వేసిందని చెబితే పుస్తకం పోతుందని పిల్లలకు అర్థమైతే, ఆ తర్వాత భయం వేసినా చెప్పరు.

అందుకే పుస్తకం ఎంత భయంకరంగా ఉందో చూసేముందు మీరు రెండు విషయాలు గమనించండి. మీ బిడ్డ ఆ పుస్తకాన్ని తనంతట తాను మూయగలుగుతున్నాడా? భయం వేసినప్పుడు మీ దగ్గరికి వచ్చి చెప్పగలుగుతున్నాడా? ఈ రెండూ ఉంటే చాలావరకు కంగారు అక్కర్లేదు. ఈ రెండింటిలో ఏది లేకపోయినా, పుస్తకం ఎంత చిన్నదైనా మనం పట్టించుకోవాల్సిందే.

భయపడటంలో ఇష్టమేమిటి?

పెద్దలకు వింతగా అనిపించేది ఇదే. భయం అంటే పారిపోవాలి కదా, డబ్బులిచ్చి కొనుక్కుని మరీ చదవడమేమిటి?

మన నవరసాలను ఒకసారి గుర్తు చేసుకోండి. వాటిలో భయానకం ఒకటి, బీభత్సం ఒకటి. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాల్లోనే ఈ రెండూ ఉన్నాయి. తొమ్మిదోదైన శాంతం తర్వాత చేరింది. భయానికీ భయానకరసానికీ తేడా ఉందని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. వీధిలో కుక్క వెంటపడితే కలిగేది భయం. అదే సంఘటనను నాటకంలో చూస్తూ, మనకు ఏమీ కాదని తెలిసి గుండె దడదడలాడుతుంటే అది రసం. అందులో ఆనందం ఉంటుంది.

అమెరికాలో పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయాన్ని మిరపకాయ దగ్గర మొదలుపెట్టి వివరించారు. నోరు మండుతుంటే శరీరం ప్రమాదం అనుకుంటుంది. కళ్ళల్లో నీళ్ళు, నుదుటి మీద చెమట. కానీ నిజంగా ప్రమాదం లేదని మనసుకు తెలుసు. ఆ తేడాయే మనకు రుచిగా మారుతుందని ఆయన వాదన. దెయ్యాల కథలకూ, ఏడిపించే సినిమాలకూ ఇదే వర్తిస్తుందంటారు. గుంటూరు మిరపకాయ పచ్చడి కలుపుకుని, ముక్కు తుడుచుకుంటూ ఇంకో ముద్ద తినే మనకు ఇది వేరే చెప్పాలా?

శరీరంలో జరిగేదీ అంతే. భయం కలిగించే పేజీ చదువుతున్నప్పుడు అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి బిగబడుతుంది. గండం గడిచి అధ్యాయం ముగిసేసరికి అదంతా సర్దుకుని హాయిగా ఉంటుంది. "భయపడ్డాను, అయినా చివరిదాకా చదివాను" అన్న గర్వం కూడా పిల్లలకు తోడవుతుంది.

అయితే దీనికి ఒక మోతాదు ఉంది. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో సరదా భయాల మీద పరిశోధించే బృందం ఒకటి ఉంది. భయపెట్టడానికే కట్టిన ఒక వినోద భవనంలోకి వచ్చిన సందర్శకుల గుండె వేగాన్ని కొలిచి, ఎంత ఆనందించారో అడిగి, 2020లో ఫలితాలు ప్రచురించారు. భయం మరీ తక్కువైతే విసుగు, మరీ ఎక్కువైతే బాధ, మధ్యలోనే ఆనందం అని తేలింది. కూరలో కారం లాగే. ఆ "మధ్య" ఒక్కో బిడ్డకు ఒక్కో చోట ఉంటుంది. పక్కింటి అబ్బాయి నవ్వుతూ చదివేసిన పుస్తకం మీ అబ్బాయికి నిద్ర పట్టనివ్వకపోవచ్చు. అది పిరికితనం కాదు.

ఇది మనకు కొత్త కాదు

దెయ్యాల కథలు ఇంగ్లిష్ మీడియంతో వచ్చిన జబ్బు అనుకుంటే పొరపాటు. శాతవాహన రాజు కొలువులో ఉన్న గుణాఢ్యుడి గురించి ఒక కథ ఉంది. ఆయన పందెంలో ఓడి, తనకు తెలిసిన భాషలన్నీ వదిలేసి వింధ్యారణ్యం చేరాడట. అక్కడ పైశాచీ భాష నేర్చుకుని, ఒక పిశాచం నోటి నుంచి కథలు విని, ఏడు లక్షల శ్లోకాల బృహత్కథను తన రక్తంతో రాశాడట. రాజు దాన్ని తిరస్కరిస్తే, అడవిలో జంతువులకు చదివి వినిపిస్తూ ఒక్కో పుటనూ మంటల్లో వేశాడనీ, చివరికి లక్ష శ్లోకాలే మిగిలాయనీ చెబుతారు. ఆ మూలగ్రంథం ఇప్పుడు దొరకదు. కానీ దాని కథలను 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో కథాసరిత్సాగరంగా రాశాడు. మనందరికీ తెలిసిన బేతాళ కథలు ఇరవై అయిదూ అందులో ఉన్నాయి.

శ్మశానం, అర్ధరాత్రి, చెట్టుకు వేలాడే శవం, దాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు. 1947 జులైలో మొదలైన చందమామ ఈ కథలను మన ఇళ్ళలోకి తెచ్చింది. అసలు కథలు అయిపోయాక కూడా అదే పద్ధతిలో కొత్త కథలు అల్లి దశాబ్దాల పాటు ప్రచురించింది. మీ అమ్మానాన్నలు, బహుశా మీరు కూడా వాటిని చదివే పెరిగారు. ఎవరూ ఆ పత్రికను "పిల్లలను పాడు చేసే సాహిత్యం" అనలేదు. ఎందుకంటే శవం లోపలి బేతాళుడు అడిగే ప్రశ్న ఎప్పుడూ ధర్మం గురించే. ముగ్గురిలో ఎవరు గొప్ప? తప్పు ఎవరిది? ఆ శ్మశానం లేకపోతే పదేళ్ళ పిల్లవాడు నీతి ప్రశ్న వినడానికి అంతసేపు కూర్చునేవాడా?

అదే చందమామలో 1950ల నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియల్స్ వచ్చాయి: తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం. మాంత్రికులు, వింత జంతువులు, చీకటి గుహలు, నెల నెలా ఉత్కంఠ దగ్గర ఆగిపోయే కథ. ఈ రోజు పిల్లలు "డార్క్ ఫాంటసీ" అంటున్నది సరిగ్గా ఇదే. పేరు మాత్రమే మారింది.

ఆ పుస్తకాల్లో నిజంగా ఏముంది?

అట్ట చూసి నిర్ణయించకుండా లోపల ఏముందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. మన పిల్లల చేతుల్లో కనబడే కొన్నింటిని చూద్దాం.

గూస్‌బంప్స్: ఆర్.ఎల్. స్టైన్ రాసిన ఈ సిరీస్ 1992లో మొదలైంది. ప్రపంచవ్యాప్తంగా 40 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. స్టైన్ అంతకుముందు పిల్లల కోసం జోకుల పుస్తకాలు, హాస్యపత్రిక నడిపిన మనిషి. ఆ హాస్యం ఇక్కడా ఉంటుంది. చిన్న చిన్న అధ్యాయాలు; ప్రతి అధ్యాయం చివర ఒక ఉలికిపాటు; పేజీ తిప్పితే చాలాసార్లు అది పిల్లి అనో, తమ్ముడి అల్లరి అనో తేలిపోతుంది. చదవడమంటే బద్ధకించే పిల్లలు కూడా ఒక్క కూర్చోవడంలో పూర్తి చేయడానికి కారణం ఇదే.

హ్యారీ పాటర్: మొదటి భాగం 1997లో వచ్చింది. మూడో భాగంలో డిమెంటర్లు అనే నల్ల ముసుగుల జీవులు వస్తాయి. అవి దగ్గరికి వస్తే మనిషిలోని సంతోషమంతా పీల్చేసినట్టు అవుతుంది. తాను అనుభవించిన డిప్రెషన్ నుంచే అవి పుట్టాయని రచయిత్రి జె.కె. రోలింగ్ చెప్పారు. అదే పుస్తకంలో ఒక క్లాసు ఉంది. ఎదుటివాళ్ళు దేనికి భయపడితే ఆ రూపంలోకి మారే జీవిని, నవ్వు తెప్పించే రూపంలోకి మార్చి ఓడించడం పిల్లలకు నేర్పుతారు. భయానికి ఒక రూపం ఇచ్చి, దాన్ని చూసి నవ్వడం. పన్నెండేళ్ళ పిల్లలకు భయాన్ని తట్టుకోవడం గురించి మనం ఇచ్చే ఉపన్యాసం ఏదీ దీని కంటే బాగా పనిచేయదేమో.

ఫ్రాంకెన్‌స్టైన్: 1815లో ఇండోనేషియాలోని టాంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద వల్ల మరుసటి ఏడు యూరప్‌లో ఎండాకాలమే రాలేదు. స్విట్జర్లాండ్‌లో ఎడతెగని వానకు ఇంట్లో చిక్కుకుపోయిన మిత్రబృందం ఒకటి తలా ఒక దెయ్యం కథ రాద్దామని పందెం వేసుకుంది. ఆ పందెం నుంచి పుట్టిన నవల ఇది. రాయడం మొదలుపెట్టినప్పుడు మేరీ షెల్లీ వయసు 18. పుస్తకం 1818లో వచ్చింది. అందులోని "రాక్షసుడు" పుట్టుకతో చెడ్డవాడు కాదు. తనను సృష్టించినవాడే అసహ్యించుకుని వదిలేస్తే, ప్రేమ దొరక్క అలా తయారవుతాడు. తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ నవల గురించి మాట్లాడితే, చర్చ దెయ్యాల దగ్గర ఆగదు. సైన్స్ ఎంతవరకు పోవచ్చు, కన్నవాళ్ళ బాధ్యత ఏమిటి అనే దాకా వెళ్తుంది.

మంచి భయానక కథల్లో దెయ్యం వెనుక సాధారణంగా ఒక నిజమైన దిగులు దాక్కుని ఉంటుంది: ఒంటరితనం, అమ్మానాన్న దూరమవడం, కొత్త ఊరు, స్నేహితుడి మోసం. పిల్లలు నేరుగా చెప్పలేని సంగతులను కథలో చదివి తేలికపడతారు. మీ బిడ్డకు ఏ కథ పదే పదే నచ్చుతోందో గమనిస్తే, తన మనసులో ఏముందో మీకు కొంత తెలుస్తుంది.

చదువుకు ఉపయోగమా అని అడిగేవారికి ఒక మాట. ఉత్కంఠ కథ చదవాలంటే మొదటి పేజీలో వచ్చిన చిన్న ఆధారాన్ని యాభయ్యో పేజీ దాకా గుర్తుంచుకోవాలి, జరగబోయేది ఊహించాలి, ఊహ తప్పితే సరిదిద్దుకోవాలి. కాంప్రహెన్షన్ ప్యాసేజీలో మనం కోరుకునే నైపుణ్యాలు ఇవే.

పుస్తకం వేరు, తెర వేరు

చాలామంది తల్లిదండ్రులు దెయ్యం పుస్తకాన్ని ఆపుతారు, కానీ ఆదివారం అందరూ కలిసి హారర్ సినిమా చూస్తున్నప్పుడు ఐదేళ్ళ చెల్లి కూడా పక్కనే ఉందని గమనించరు. నిజానికి జాగ్రత్త ఎక్కువ కావలసింది రెండోదానికే.

పుస్తకంలో బొమ్మను పిల్లలే గీసుకుంటారు. తమ ఊహ ఎంత తట్టుకోగలదో అంతే గీసుకుంటారు. భయం ఎక్కువైతే నెమ్మదిగా చదవవచ్చు, పేజీలు దాటవేయవచ్చు, మూసేయవచ్చు. తెర మీద బొమ్మ ఇంకొకరిది, వేగం ఇంకొకరిది. ఒక్కసారిగా వచ్చే శబ్దానికి సిద్ధపడే వ్యవధి ఉండదు.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోవన్ కాంటర్ పిల్లలూ, తెర మీది భయాల గురించి ఏళ్ళ తరబడి పరిశోధించారు. చిన్న పిల్లలు ముఖ్యంగా వికృతమైన రూపాలకు భయపడతారనీ, "అది నిజం కాదు" అని చెప్పినా వాళ్ళకు పెద్దగా ఊరట కలగదనీ ఆమె గమనించారు. పెద్ద పిల్లలు రూపానికి కాక, నిజంగా జరగగల వాటికి ఎక్కువ భయపడతారు. అందుకే ఐదేళ్ళ పాపకు నచ్చజెప్పడం కంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని టీవీ కట్టేయడం మేలు. పన్నెండేళ్ళ బాబుతో కూర్చుని మాట్లాడాలి.

ఇక అన్నిటికంటే ప్రమాదకరం ఫోన్‌లో వచ్చే రీల్స్. "సీసీ కెమెరాకు చిక్కిన నిజమైన దెయ్యం", "ఈ వీడియో పదిమందికి పంపకపోతే కీడు" లాంటివి. కథ తాను కథనని ఒప్పుకుంటుంది. ఈ వీడియో మాత్రం నిజమని నమ్మిస్తుంది. పుస్తకానికి చివరి పేజీ ఉంది, రీల్‌కు లేదు.

కథ ఇష్టం, నమ్మకం వద్దు

"దెయ్యాల కథలు చదివితే మూఢనమ్మకాలు పెరగవా?" అనేది న్యాయమైన ప్రశ్న. తెలుగులో దీనిపై పెద్ద చర్చే జరిగింది. యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం నవలను లక్షలాది పాఠకులు ఊపిరి బిగబట్టి చదివారు. అది చేతబడి వంటి నమ్మకాలను పెంచుతోందని విమర్శిస్తూ రంగనాయకమ్మ గారు ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఎవరి పక్షం వహించాలన్నది అలా ఉంచితే, ఆ చర్చ ఎందుకు వచ్చిందో పిల్లలకు తెలియాలి. బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మన తెలుగు రాష్ట్రాల్లో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అక్కడ ప్రాణం తీసింది దెయ్యం కాదు, నమ్మకం.

కాబట్టి ఇంట్లో ఈ గీత స్పష్టంగా ఉండాలి. కథలో మంత్రగాడు ఉండవచ్చు. మన వీధిలో ఎవరినీ అలా చూడకూడదు. ఈ గీతను మనమే చెరిపేస్తున్న సందర్భాలూ ఉన్నాయి. అన్నం తినకపోతే బూచోడొస్తాడని, చీకట్లోకి వెళ్తే దెయ్యం పడుతుందని, ఫలానా ఇంటివైపు చూడొద్దని పిల్లలకు చెప్పేది పుస్తకాలు కాదు, మనమే. కథలోని దెయ్యాన్ని పిల్లలు మూసి పక్కన పెట్టగలరు. అమ్మ చెప్పిన దెయ్యాన్ని మూసేయడం కుదరదు.

ఏ తరగతికి ఏవి?

ఇవి కచ్చితమైన నియమాలు కావు. మీ బిడ్డ స్వభావాన్ని బట్టి ఒక మెట్టు కిందికో పైకో జరపండి.

నర్సరీ నుంచి 2వ తరగతి వరకు: రాక్షసుడు చివరికి ఓడిపోయే, లేదా స్నేహితుడైపోయే బొమ్మల కథలు. పెద్దలు చదివి వినిపించాలి. గొంతు మార్చి చదవండి, కానీ నిద్రకు ముందు నవ్వించే చోట ఆపండి.

3 నుంచి 5వ తరగతి: బేతాళ కథలు, కాశీమజిలీ కథల పిల్లల ప్రతులు, రోల్డ్ డాల్ 1983లో రాసిన ది విచెస్ లాంటివి. ధైర్యం ఉన్నవాళ్ళు గూస్‌బంప్స్ మొదలుపెట్టవచ్చు.

6 నుంచి 8వ తరగతి: దాసరి వారి సీరియల్స్, హ్యారీ పాటర్ తర్వాతి భాగాలు, రస్కిన్ బాండ్ దెయ్యం కథలు, సత్యజిత్ రే పిల్లల కోసం రాసిన వింత కథలు. ఆస్కార్ వైల్డ్ 1887లో రాసిన ది కాంటర్‌విల్ ఘోస్ట్ ఈ వయసుకు మంచి ఎంపిక. అందులో పిల్లల అల్లరికి దెయ్యమే హడలిపోతుంది.

9వ తరగతి, ఆపైన: ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాక్యులా, ఎడ్గర్ అలన్ పో కథలు. 1897లో వచ్చిన డ్రాక్యులా మొత్తం డైరీలు, ఉత్తరాలు, పత్రికా కత్తిరింపుల రూపంలో ఉంటుంది. రాయడం ఇష్టపడే పిల్లలకు ఆ పద్ధతే ఒక పాఠం.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త: పిల్లలు ముఖ్యపాత్రలైనంత మాత్రాన అది పిల్లల పుస్తకం కాదు. స్టీఫెన్ కింగ్ 1986లో రాసిన ఇట్ నవలలో పిల్లలే నాయకులు, కానీ అది పూర్తిగా పెద్దలకు రాసిన పుస్తకం. జపనీస్ మాంగా కొంటే అట్ట మీద వయసు సూచన ఉందేమో చూడండి. "టీన్", "టీన్ ప్లస్", "మెచ్యూర్" అన్న మాటల మధ్య తేడా చాలా ఉంది.

ఏం అడగాలి, ఏం అనకూడదు

అడగదగినవి:

• "ఎక్కడ ఆపావు నాన్నా? అక్కడే ఎందుకు ఆపావు?"
• "అందరికంటే నీకు భయం వేసింది ఎవరిని చూసి?"
• "వాళ్ళ స్థానంలో నువ్వుంటే ఏం చేసేదానివి?"
• "ఆ దెయ్యానికి అసలు ఏం కావాలి?" (ఈ ఒక్క ప్రశ్న చాలాసార్లు మొత్తం కథను విప్పుతుంది.)

అనకూడనివి:

• "ఇంత పెద్దవాడివి, భయమేమిటి?"
• "చూశావా, చెప్పానా చదవొద్దని!"
• "అక్క చూడు, చక్కగా జనరల్ నాలెడ్జ్ పుస్తకం చదువుతోంది."

మొదటి మాటతో బిడ్డ భయాన్ని దాచుకోవడం నేర్చుకుంటాడు. రెండో మాటతో మీ దగ్గరికి రావడం మానేస్తాడు. మూడోది చదవడం మీదే అయిష్టం తెస్తుంది.

ఎప్పుడు ఆగి చూడాలి?

భయానక కథ చదివిన రాత్రి లైటు వేసుకుని పడుకోవడం, బాత్‌రూమ్‌కు తోడు అడగడం మామూలే. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. కింది లక్షణాలు రెండు వారాలకు పైగా ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి:

• నిద్ర పట్టకపోవడం, పీడకలలతో తరచుగా లేవడం
• ఒంటరిగా గదిలో ఉండలేకపోవడం, స్కూలుకు వెళ్ళనని మారాం
• కారణం తెలియని కడుపునొప్పి, తలనొప్పి
• స్నేహితులకు, ఆటలకు, ఇదివరకు ఇష్టమైన పనులకు దూరం కావడం
• కథలోని హింసను జంతువుల మీదో, తమ్ముడి మీదో చేసి చూడటం

చావు గురించి, తనను తాను గాయపరచుకోవడం గురించి బిడ్డ మాట్లాడినా, రాసినా రెండు వారాలు ఎదురుచూడకండి. వెంటనే స్పందించండి. అలాంటి వేళ పుస్తకం కారణం కాకపోవచ్చు. బిడ్డ మనసులో ముందే ఉన్న దిగులు పుస్తకం ద్వారా బయటపడి ఉండవచ్చు. పుస్తకం తీసేస్తే కనబడే గుర్తు పోతుంది, దిగులు అలాగే ఉంటుంది. క్లాస్ టీచర్‌తో, స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీరు అడిగే ప్రశ్నలు

మా అబ్బాయి వేరే పుస్తకాలు అస్సలు చదవడు. ఏం చేయాలి?
ఇష్టమైనదాన్ని ఆపి కొత్తది ఇవ్వకండి. దాని పక్కనే ఉండేది ఇవ్వండి. దెయ్యాల నుంచి డిటెక్టివ్ కథలకు, అక్కడి నుంచి సైన్స్ ఫిక్షన్‌కు, పాడుబడ్డ కోటల నుంచి చరిత్రకు దారి ఉంది. గోల్కొండ, కొండపల్లి, గండికోట కథలు అలా పరిచయం చేయవచ్చు.

మా అమ్మాయి తానే భయంకరమైన కథలు రాస్తోంది. ఇది మామూలేనా?
చాలావరకు మామూలే. చదివినదాన్ని అనుకరించి రాయడం రచనలో మొదటి మెట్టు. చదివి, "తర్వాత ఏమవుతుంది?" అని అడగండి. కథలో పాత్రలు కాకుండా తన గురించో, తెలిసినవాళ్ళ గురించో హాని కోరుతూ రాస్తే అప్పుడు కౌన్సెలర్‌ను కలవండి.

పరీక్షల సమయంలో ఆపేయమనవచ్చా?
ఆపేయమనే బదులు సమయం నిర్ణయించండి. హోంవర్క్ అయ్యాక అరగంట, పడుకోవడానికి గంట ముందు ముగింపు. ఇది సాయంత్రం వెలుతురులో చదవడానికి కూడా వీలిస్తుంది.

హాస్టల్లో ఉన్న మా బాబు రాత్రిళ్ళు సీనియర్లు చెప్పే దెయ్యం కథలకు భయపడుతున్నాడు.
ఇక్కడ కథ ఎంచుకున్నది బాబు కాదు, మూసే వీలూ తనకు లేదు. అది సరదా కాదు, ఏడిపించడం కావచ్చు. మొహమాటపడకుండా వార్డెన్‌కు చెప్పండి. ఫోన్ చేసినప్పుడు "ధైర్యంగా ఉండు" అని వదిలేయకుండా, ఎవరు, ఎప్పుడు, ఏం చెబుతున్నారో నిదానంగా అడగండి.

ఈ నెల ఇంట్లో చేయదగిన ఒక పని

ఈ నెలలో ఒక సాయంత్రం ఫోన్లు పక్కన పెట్టి, ఇంట్లో అందరూ తలా ఒక భయానక కథ చెప్పండి. తాతయ్య లేదా అమ్మమ్మ తమ ఊరి మర్రిచెట్టు కథతో మొదలుపెడితే మరీ మంచిది. కథ పూర్తయ్యాక పిల్లలను రెండు ప్రశ్నలు అడగండి: "ఇందులో నిజం కాగలిగేది ఎంత? కల్పించింది ఎంత?" ఆ తర్వాత మీరు చిన్నప్పుడు దేనికి భయపడేవారో మీరే చెప్పండి. నాన్నకు కూడా బావి దగ్గరికి వెళ్ళాలంటే భయం వేసేదని తెలిసిన రోజు, పిల్లలు తమ భయాలను మీ దగ్గర దాచాల్సిన అవసరం ఉండదు.

మరుసటి రోజు ఆ నల్ల అట్ట పుస్తకం అడిగి తీసుకోండి. మొదటి అధ్యాయం మీరు కూడా చదవండి.